పాలు తగ్గించకండి, ముందు మిత్తి తగ్గించండి

మీరు రాసింది ఒకసారి నా మాటల్లో పెడతాను, ఎక్కడైనా తప్పితే సరిదిద్దండి. మీది హనుమకొండ. మీ ఆయనది ప్రైవేటు ఉద్యోగం, చేతికి 31,000 వస్తుంది. కుట్టు మిషన్ మీద మీకు నెలకు 7,000 దాకా వస్తుంది. ఇద్దరు పిల్లలు, బీపీ, షుగర్ ఉన్న అత్తమ్మ. ఇంటి కిరాయి 7,000. క్రెడిట్ కార్డు బాకీ 92,000, దానికి నెలనెలా మినిమం 4,600 కడుతున్నారు. రెండేళ్ళ కింద అత్తమ్మ ఆపరేషన్‌కు నోటు రాసి తెచ్చిన 1,50,000 అలాగే ఉంది, దానికి వందకు నెలకు 3 రూపాయల మిత్తి, అంటే వడ్డీ. 6 తులాల బంగారం ఫైనాన్స్ కంపెనీలో పెట్టి 2,00,000 తెచ్చారు, దానికి రూపాయిన్నర. బైక్ ఈఎంఐ 3,100 ఇంకా 5 నెలలుంది. మహిళా సంఘం లోను కిస్తీ 2,500. లక్ష రూపాయల చిట్టీ 20 నెలలది, నెలకు 5,000 చొప్పున 13 కట్టారు, ఇంకా ఎత్తలేదు. కార్డు బాకీ ఇంత ఉందని మీ ఆయనకు తెలియదు. పాలు లీటరు నుంచి అర లీటరు చేశాను, కూరగాయలు తగ్గించాను, ఇంకేం తగ్గించాలో చెప్పండి అని అడిగారు.

అమ్మా, రేపటి నుంచి పిల్లల పాలు మళ్ళీ లీటరు వేయించండి. అర లీటరు తగ్గిస్తే మీకు మిగిలేది నెలకు వెయ్యి రూపాయలు. మీ ఇంట్లో ఒక్క వడ్డీల కిందే నెలకు ఎంత పోతోందో లెక్క వేశాను. కార్డుకు 3,800, నోటుకు 4,500, బంగారానికి 3,000. మొత్తం 11,300. అసలులో రూపాయి కూడా తగ్గకుండా పోయే డబ్బు ఇది. ఇంట్లోకి వచ్చే ప్రతి పది రూపాయల్లో మూడు ఇలా పోతున్నాయి.

కిస్తీలు, మిత్తీలు, చిట్టీ కలిపితే నెలకు 22,700. కిరాయి కూడా తీసేస్తే మీ చేతిలో మిగిలేది 8,300. దాంతో ఐదుగురు తినాలి, పిల్లల ఫీజు కట్టాలి, మందులు కొనాలి, బండిలో పెట్రోలు పోయాలి. ఎంత పొదుపుగా ఉండే ఇల్లాలికైనా ఇది సాధ్యం కాదు. అందుకే ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి మళ్ళీ కార్డు గీకాల్సి వస్తోంది. దుబారా చేస్తున్నానేమో అని రాశారు. మీ లెక్కలో నాకు దుబారా ఏమీ కనిపించలేదు. బ్యాంకులో చాలా ఏళ్ళు లోన్ల సెక్షన్ చూసినదాన్ని, ఇలాంటి లెక్కలతో నా ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్న ఆడవాళ్ళలో ఎక్కువమంది మీలాంటివాళ్ళే.

ఇక పని మొదలుపెడదాం. ఒక తెల్లకాగితం తీసుకుని అప్పులన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చి రాయండి, వందకు నెలకు ఎన్ని రూపాయలు అని. బ్యాంకువాళ్ళు సంవత్సరానికి 12 శాతం అంటే మన లెక్కలో వందకు రూపాయి. 24 అంటే రెండు రూపాయలు. మన దగ్గర ‘మూడు రూపాయల మిత్తి’ అంటే చిన్నగా వినిపిస్తుంది కానీ అది ఏడాదికి 36 శాతం. ఇలా రాస్తే మీ అప్పుల్లో అన్నిటికంటే ఖరీదైనది మీరు భయపడుతున్న నోటు కాదని తెలుస్తుంది. అది క్రెడిట్ కార్డు.

కార్డు లెక్క కొంచెం వివరంగా చూడండి. 92,000 బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 3,220. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 580. మొత్తం 3,800. మీరు కట్టే 4,600లో బాకీకి జమ అయ్యేది 800 మాత్రమే. అంటే వందకు నాలుగు రూపాయల పైనే. బ్యాంకును బట్టి అటూ ఇటూ ఉంటుంది, మీ స్టేట్‌మెంట్ చివరి పేజీల్లో నెల వడ్డీ రేటు రాసి ఉంటుంది చూసుకోండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాకీ మొత్తం కట్టకుండా మినిమం మాత్రమే కడితే, కొత్తగా కొన్నవాటికి ఉండే 45, 50 రోజుల వడ్డీ లేని గడువు కూడా పోతుంది. ఇప్పుడు మీరు కార్డు మీద సరుకులు కొంటే ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. కాబట్టి ఈ పూటే కార్డును ఫోనులోని షాపింగ్ యాప్‌లన్నిటిలోంచి తీసేయండి. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం ఆఫ్ చేసే వీలుంటుంది, అదీ ఆఫ్ చేయండి.

దీన్ని తీర్చే డబ్బు మీ దగ్గరే ఉంది, చిట్టీలో. 13 నెలలు కట్టారు, ఇంకా 7 నెలలే. చివరికొచ్చిన చిట్టీలో పాట, అంటే ముందే ఎత్తుకోవడానికి మనం వదులుకునే మొత్తం, ఎక్కువ దూరం పోదు. పది వేల పాటకు దొరికితే 90,000 చేతికి వస్తుంది, దాదాపు కార్డు బాకీ అంత. పాపను ఇంటర్‌లో చేర్పించడానికి దాచుకున్న డబ్బని రాశారు, తెలుసు. కానీ చిట్టీలో దాచిన లక్ష మీద మీకు వచ్చే లాభం ఎంతైనా, కార్డుకు మీరు కడుతున్న నెలకు 3,800 ముందు అది ఏ మూలకు? వచ్చే పాటకే కూర్చోండి. రిజిస్టర్డ్ చిట్టీ అయితే జామీను అడుగుతారు, జీతం స్లిప్పున్న ఇద్దరు మనుషుల్ని ముందే మాట్లాడి పెట్టుకోండి. చెక్కు వచ్చిన రోజే కార్డుకు కట్టేయండి. వారం రోజులు ఖాతాలో ఉందంటే దానికి వేరే అవసరం పుడుతుంది. కట్టాక బ్యాంకుకు మెయిల్ పెట్టి కార్డు క్లోజ్ చేయించుకుని, బాకీ లేదన్న కాగితం తీసుకోండి.

ఎవరైనా ‘సెటిల్‌మెంట్ చేయిస్తాం, సగం కడితే చాలు’ అని ఫోన్ చేస్తే ఒప్పుకోకండి. మన అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడితే ఏళ్ళ తరబడి వెంటాడుతుంది, రేపు పాప చదువుకు లోను అడిగినప్పుడు అడ్డం వస్తుంది. మీకు పూర్తిగా కట్టే దారి ఉంది కదా.

ఇప్పుడు బంగారం, నోటు. ఈ రెండిటినీ కలిపి చూడాలి.

ఫైనాన్స్ కంపెనీలో బంగారం పెట్టినప్పుడు తులం ధర వేరు. ఇప్పుడు లక్ష దాటింది. 22 క్యారెట్ల 6 తులాలంటే విలువ ఐదున్నర లక్షల పైనే. రాళ్ళ బరువు తీసేసి చూసినా, ప్రభుత్వ బ్యాంకులో అందులో చాలా భాగానికి లోను దొరుకుతుంది. మీకు కావలసింది 3,50,000. అందులో 2,00,000తో ఫైనాన్స్ కంపెనీ బాకీ, 1,50,000తో నోటు తీరిపోతాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో గోల్డ్ లోను వడ్డీ ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఉంటుంది. పదే అనుకోండి, 3,50,000కు నెలకు 2,900 చిల్లర. ఇప్పుడు ఈ రెండు అప్పులకూ కలిపి 7,500 కడుతున్నారు. అప్పు ఒక్క రూపాయి తగ్గకుండానే నెలకు నాలుగున్నర వేలు మిగులుతుంది.

చిక్కంతా మధ్యలో ఉండే ఒకటి రెండు రోజులది. ఫైనాన్స్ కంపెనీకి 2,00,000 కడితేగానీ బంగారం ఇవ్వరు, బంగారం చేతికొస్తేగానీ బ్యాంకు లోను ఇవ్వదు. ముందు మీ ఆయన జీతం ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్ళి, ఫైనాన్స్ కంపెనీ రసీదు చూపించి, ‘టేకోవర్ చేస్తారా’, అంటే ఆ బాకీ బ్యాంకే కట్టి లోనును తన దగ్గరికి మార్చుకుంటుందా అని అడగండి. కొన్ని బ్యాంకులు చేస్తాయి. లేదంటే మీ అన్నయ్య దగ్గరో, నమ్మకమైన దగ్గరివాళ్ళ దగ్గరో రెండు రోజులకు సర్దుబాటు అడగండి. వాళ్ళను కూడా బ్యాంకుకు తీసుకెళ్ళి, లోను పడగానే అక్కడే వాళ్ళ ఖాతాకు పంపించేయండి. వెళ్ళేముందు బంగారం విలువ కట్టే అప్రైజర్ చార్జీ ఎంత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో అసలు కొంచెం కొంచెం కట్టుకోవచ్చా అని అడిగి రాసుకోండి. ఆ మూడో ప్రశ్న చాలా ముఖ్యం. నెలకు రెండు వేలైనా, మూడు వేలైనా ఉన్నప్పుడల్లా అసలుకు కట్టుకునే వీలున్న లోనే తీసుకోండి.

గోల్డ్ లోను మామూలుగా ఏడాదికి ఇస్తారు. ఏడాది నిండాక వడ్డీ కట్టి మళ్ళీ రాయించుకుంటూ పోతే పదేళ్ళైనా బంగారం ఇంటికి రాదు, అలా వదిలేసిన కుటుంబాలు నాకు ఎన్నో తెలుసు. అందుకే ఒక గడువు పెట్టుకోండి. వచ్చే దసరా నాటికి అసలులో కనీసం 40,000 తగ్గకపోతే, ఒక గొలుసు అమ్మేసి కట్టండి. తరుగు కింద కొంత పోతుంది, పోనివ్వండి. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం అమ్మడం ఎంత కష్టమో ఆడదానిగా నాకు తెలుసు. కానీ వేలంలో పోయేదానికంటే, ధర బాగున్నప్పుడు మీ చేతుల మీదుగా అమ్ముకోవడం మేలు.

నోటు తీర్చేటప్పుడు తొందరపడకండి, ఇక్కడ కాగితమే ముఖ్యం. డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే పంపండి. అసలు నోటు మీ చేతికి తీసుకోండి, జిరాక్స్ ఇస్తే ఒప్పుకోవద్దు. నోటుతోపాటు సంతకం చేసిన ఖాళీ చెక్కులేమైనా ఇచ్చి ఉంటే లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఈ రెండేళ్ళలో మీరు 1,08,000 మిత్తి కట్టారు, నోటు వెనుక చెల్లు వేయించారా? వేయించకపోతే, పూర్తిగా ముట్టిందని తారీఖు వేసి, ఇద్దరు సాక్షుల ఎదుట వేరే కాగితం రాయించుకోండి. అప్పిచ్చినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. రేపు వాళ్ళ పిల్లల చేతికి ఆ నోటు దొరికితే వాళ్ళకేం తెలుస్తుంది? ఇంకొకటి, ఒకేసారి మొత్తం కడతాం, ఆఖరి మూడు నెలల మిత్తి వదిలేయమని మీ ఆయనతో అడిగించండి. రొక్కం ఎదురుగా కనిపిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

బైక్ లోను జోలికి పోవద్దు, అయిదు నెలల్లో అదే తీరిపోతుంది. సంఘం లోను మీ అప్పులన్నిటిలో చవకైనది. దాని కిస్తీ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి, మీరు తప్పితే మిగతా అక్కచెల్లెళ్ళందరికీ ఇబ్బంది, సకాలంలో కట్టిన సంఘాలకు వచ్చే వడ్డీ రాయితీ కూడా పోతుంది.

ఇవన్నీ చేశాక మీ నెల లెక్క ఇలా మారుతుంది. బ్యాంకు గోల్డ్ లోను మిత్తికి దాదాపు 3,000, బైక్ 3,100, సంఘం 2,500, చిట్టీ 5,000. మొత్తం 13,600. ఇప్పటి 22,700తో పోలిస్తే 9,100 మిగులు. ఇందులో 3,000 ఇంటి ఖర్చుకు కలపండి, మళ్ళీ కార్డు అవసరం రాకుండా. 2,000 వేరే ఖాతాలో ఆపదకు దాచండి. మిగతా 4,100 బంగారం అసలుకు కట్టండి. అయిదు నెలలకు బైక్‌కు కట్టే డబ్బు, ఏడు నెలలకు చిట్టీకి కట్టే డబ్బు చేతిలో మిగులుతాయి. వాటిని కూడా అక్కడికే పంపిస్తే బంగారం రెండున్నర, మూడేళ్ళలో ఇంటికొస్తుంది. మధ్యలో ఎవరి జీతం పెరిగినా ఇంకా ముందే.

మీ ఆయనకు చెప్పడం గురించి. చిట్టీ ఎత్తాలన్నా, బ్యాంకుకు వెళ్ళాలన్నా ఆయన లేకుండా జరగదు. చెప్పకుండా ఎలాగోలా తీర్చేద్దామని చూసి లోన్ యాప్‌ల వైపు వెళ్ళిన ఆడవాళ్ళను చూశాను, అది తలుచుకుంటేనే నాకు భయమేస్తుంది. ఆదివారం పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు కూర్చోబెట్టి, స్టేట్‌మెంట్లు ముందుపెట్టి చెప్పండి. ‘ఇంత అయింది, దేనికైందో ఇదిగో, తీర్చే దారి ఇదీ’ అని మూడూ ఒకేసారి చెప్పండి. దారి కూడా చేతిలో ఉంటే అవతలి మనిషి కోపం ఎక్కువసేపు నిలవదు. ఆ స్టేట్‌మెంట్లలో ఉన్నవి కిరాణా సామాను, స్కూలు ఫీజు, మందులే అని మీరే రాశారు, మీరు తలదించుకోవలసింది అందులో ఏముంది?

ఇక ఇంటి ఖర్చు. తగ్గించగలిగినవి ఉన్నాయి, కానీ తిండిలో కాదు.

రేషన్ కార్డు గురించి మీరేమీ రాయలేదు. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఐదుగురి పేర్లూ కార్డులో ఉంటే నెలకు 30 కిలోలు. చాలా ఇళ్ళలో పిల్లల పేర్లు ఎక్కించి ఉండవు. మీసేవలో అడిగి చూసుకోండి. అదే కార్డు మీద గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు ఉండదు, కిరాయి ఇంట్లో ఉన్నా వర్తిస్తుంది. 200 దాటితే మాత్రం ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. ఎండాకాలంలో కూలర్ పెట్టాక నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోండి. మీరు బట్టలు కొనడానికి వరంగల్ వెళ్ళేది ఆర్టీసీ బస్సులోనే అయితే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు, ఆధార్ దగ్గర ఉంచుకోండి.

అత్తమ్మ మందులకు నెలకు 1,800 అవుతోందన్నారు. ఇది సగానికి పైగా తగ్గుతుంది. డాక్టరును మందులో ఉన్న అసలు పదార్థం పేరు రాసివ్వమని అడిగి, ఆ చీటీతో మందులు చవకగా అమ్మే జన్ ఔషధి షాపుకు వెళ్ళండి. మామూలు బీపీ, షుగర్ మాత్రలైతే సర్కారు దవాఖానలో, బస్తీ దవాఖానలో ఉచితంగానే ఇస్తారు. డాక్టరును అడగకుండా మందు మార్చొద్దు, డోసు తగ్గించొద్దు. ఇక ముందు ఆపరేషన్ లాంటిది వస్తే డబ్బు కోసం పరుగెత్తేముందు ఆ దవాఖానలో ఆరోగ్యశ్రీ ఉందా, ఈ జబ్బుకు వర్తిస్తుందా అని ఆరోగ్యమిత్రను అడగండి. రాష్ట్రంలో ఆ పరిమితి ఇప్పుడు కుటుంబానికి 10 లక్షలు.

ఫంక్షన్ల సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, కానీ నాకు అక్కడే పెద్ద చిల్లు కనిపించింది. ఈ ఏడాది ఆడబిడ్డ కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఉంగరం, చీర, అందరి బట్టలు, కారు కిరాయి కలిపి 22,000. అది కార్డు మీదే పెట్టారు. ఆ ఒక్క ఫంక్షన్‌కు ఇప్పటికీ నెలకు 900 వడ్డీ కడుతున్నారు. చదివింపులు మానేయమని నేను చెప్పను, మన మధ్య అవి ఊరికే పోయేవి కావు, రేపు మీ పాపకు తిరిగి వస్తాయి. కానీ ఈ మూడేళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకోండి. రక్తసంబంధం ఉన్నవాళ్ళకు ఇంత, మిగతావాళ్ళకు ఇంత అని ముందే మీరిద్దరూ అనుకుని, దానికి నెలకు 500 పక్కన పెట్టండి. అలా పక్కన పెట్టింది ఎంత ఉంటే అంతే చదివింపులు. ఆడబిడ్డకు ఉన్నమాట చెప్పేయండి, ‘వదినా, బాకీలు తీర్చుకుంటున్నాం, ఈ రెండు మూడేళ్ళు మా నుంచి పెద్దగా ఎదురుచూడకండి’ అని. మొదటిసారి నోరు రాదు. ఒకసారి చెప్పాక చుట్టాల్లో ఇంకో ఇద్దరు ‘మాదీ అదే పరిస్థితి’ అంటారు.

ఫోన్ పే, గూగుల్ పేలలో ఆటోపే అనే చోటుకు వెళ్ళి చూడండి. పిల్లలు ఎప్పుడో ఒక రూపాయి ట్రయల్ అని నొక్కినవి నెలనెలా కట్ అవుతుంటాయి, అక్కడే రద్దు చేయవచ్చు. కిరాణా ఖాతా షాపులో రాయించుకోవడం ఆపి, ఒకటో తారీఖున బియ్యం, పప్పు, మంచినూనె ఒకేసారి తెచ్చుకోండి. కూరగాయలకు వారానికోసారి రైతుబజారు.

రెండు చిన్న బీమాలు ఈ వారంలోనే చేయించండి, ఇంత అప్పున్న ఇంట్లో ఇవి లేకపోతే నాకు మనసు కుదుటపడదు. బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, 50 ఏళ్ళ లోపు చేరవచ్చు, ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. మీ ఆయనకూ, మీకూ ఇద్దరికీ చేయించండి. సంపాదన ఇద్దరిదీ కదా.

ఈలోగా కార్డువాళ్ళ నుంచి వసూలు ఫోన్లు వస్తే భయపడకండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వాళ్ళు ఫోన్ చేయకూడదు, చుట్టుపక్కల వాళ్ళకూ, బంధువులకూ చెప్పి పరువు తీయకూడదు. చేస్తే తారీఖు, టైము రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు. లోన్ యాప్‌వాళ్ళు ఎవరైనా ఫోటోలు, కాంటాక్టులు చూపించి బెదిరిస్తే అది పోలీసు కేసు, సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి.

ఒకవేళ చిట్టీ పాట మీకు దొరక్కపోతే, ఆ నెల ఊరికే ఉండకుండా కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి 92,000ను ఈఎంఐగా మార్చమనండి. ఏడాదికి 16, 18 శాతానికి ఇచ్చినా వందకు రూపాయిన్నర, ఇప్పటి నాలుగు రూపాయల్లో సగం కూడా కాదు. ముందుగా కడితే చార్జీ ఎంతో అడిగి తీసుకోండి, చిట్టీ వచ్చాక క్లోజ్ చేయాలి కదా. ఫైనాన్స్ కంపెనీ రసీదు వెనుక మిత్తి స్లాబులుంటాయి, మూడు నెలలు దాటితే రేటు పెరిగేలా రాసి ఉంటుంది కొన్నిచోట్ల. అది చూసి, ఆఖరుసారి మిత్తి ఎప్పుడు కట్టారో, బ్యాంకువాళ్ళు టేకోవర్‌కు ఏమన్నారో మళ్ళీ రాయండి. అంకెలు చూసి మిగతాది చెబుతాను.